ఓజెల్లా పొయ్యి

ఓజెల్లా ప్రూయిట్ గురించి ఈ దక్షిణ తీరంలో, మా పెన్సకోలాలో ఎవరిని అడిగినా ఒకటే కథ చెబుతారు. అదీ సగమే చెబుతారు. మొన్న మార్చిలో ఆవిడ పోయినప్పుడు చర్చిలో పాస్టరు కూడా ఆ సగమే చెప్పి, అంత ఏడుపులోనూ అందర్నీ నవ్వించాడు. మిగతా సగం తెలిసినవాళ్ళం ముగ్గురమే. ఒకావిడ ఆ శవపెట్టెలో పడుకుని ఉంది. ఇంకొకాయన ఎక్కడో ఉత్తరాన ఉన్నాడో లేడో తెలియదు. మిగిలినవాణ్ణి నేను. నవ్వలేక లేచి బయటికి వచ్చేశాను.

నా పేరు హోసియా. పెన్సకోలా హెరాన్స్ ఫుట్‌బాల్ జట్టుకి ఇరవై ఎనిమిదేళ్ళు బట్టలుతికాను. నవ్వుకుంటే నవ్వుకోండి, నాకేం. గడ్డి మరక, నెత్తుటి మరక, హెల్మెట్లు గుద్దుకుంటే అంటుకునే రంగు మరక, ఏది ఎట్లా వదిలించాలో ఈ తీరం మొత్తంలో నాకు తెలిసినట్టు ఇంకొకడికి తెలియదు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్కసారే, ఒక్కటంటే ఒక్కసారే నా చేతిలో బట్టలు పాడయ్యాయి. ఆ సంగతే చెప్పబోతున్నాను.

ఓజెల్లా మా సామాన్ల గదికి పెద్ద. జీతాల కాగితం మీద ఆవిడకి పైన ఎవరో ఒక మేనేజరు ఉండేవాడు. రెండేళ్ళకొకడు వచ్చేవాడు, పోయేవాడు. తాళాలు మాత్రం ఎప్పుడూ ఆవిడ నడుముకే ఉండేవి. ఆటగాళ్ళ వీపుల మీద పేర్లూ అంకెలూ కుట్టేది ఆవిడే. చిన్న మనిషి. ముక్కు చివర కళ్ళద్దాలు, పెదవుల మధ్య ఎప్పుడూ నాలుగు గుండుసూదులు. సూదులు తియ్యకుండానే తిట్టగలిగేది. తలుపులో పట్టని ఆటగాడైనా సరే, చొక్కా చించుకుని వస్తే ఆవిడ ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

"ఏరా, ఇది ఆటలో చిరిగిందా, కుక్కకి తొడిగావా?" అనేది.

"ఆటలోనేనండీ, మిస్ ఓజెల్లా."

"ఈసారి చింపితే చొక్కా ఒంటి మీద ఉండగానే కుడతాను. చర్మం అడ్డమొస్తే నాకు చెప్పకు."

అలా అన్న మనిషే ప్రతి శుక్రవారం ఇంట్లో వెన్న వేసి పెద్ద కేకు చేసి తెచ్చేది. ఒక్కొక్కడికీ ముక్క కోసి చేతిలో పెట్టేది. రెండో ముక్క అడిగినవాడి పేరు గుర్తుపెట్టుకుని మరుసటి వారం పెద్దది కోసేది.

ఇక ఊరు చెప్పే కథ. మా ఆటలో రెండు జట్లూ ముదురు రంగులు వేసుకోకూడదు. ఒకరు ముదురు వేసుకుంటే రెండోవాళ్ళు తెల్లవి వేసుకోవాలి. ఎవరు ఏది అన్నది ఎంచుకునే హక్కు ఆతిథ్యమిచ్చే జట్టుది. సొంత ఊళ్ళో దర్జాగా కనబడాలని దాదాపు అందరూ ముదురే ఎంచుకునేవాళ్ళు. మేమూ మా ఎర్రవే వేసుకునేవాళ్ళం. కోచ్ బ్రాన్నమ్ వచ్చిన కొత్తలో, ఎనభై అయిదులో, వరసగా ఓడిపోతున్నాం. ఆయన మొహం వేలాడేసుకుని సామాన్ల గదికి వచ్చి కూర్చున్నాడు.

"కోచ్, ఒక మాట చెప్పనా?" అంది ఓజెల్లా. "మా అమ్మ ఈ ఎండలోనే పత్తి తీసింది. పిండి బస్తాల తెల్లగుడ్డ చొక్కా కుట్టుకుని తీసింది. సెప్టెంబరులో ముదురు గుడ్డ కట్టుకుని పొలంలోకి వెళ్ళేవాళ్ళని చూసి నవ్వేది. మీ పిల్లల్ని చూస్తే ఇంకా నవ్వేది."

"అయితే ఏం చెయ్యమంటారు?"

"మనం తెల్లవి వేసుకుందాం. వచ్చినవాళ్ళు ఇష్టమున్నా లేకపోయినా ముదురువి వేసుకోవాలి. వాళ్ళ బెంచీ తూర్పు పక్కన వెయ్యండి. మధ్యాహ్నం ఆటలు కదా. నీడ మనకి, ఎండ వాళ్ళకి."

ఆ నెల మూడు ఆటలూ గెలిచాం. ఊరి పత్రిక దానికి 'ఓజెల్లా పొయ్యి' అని పేరు పెట్టింది. అంతే, ఊరికి పిచ్చెక్కింది. సెప్టెంబరు ఆదివారం మధ్యాహ్నం నలభై వేలమంది లేచి "పొయ్యి వెలిగించు, ఓజెల్లా!" అని అరిచేవాళ్ళు. ఆ మాటలు అచ్చేసిన చొక్కాలు అమ్ముడుపోయేవి. వేయించిన చేపలమ్మే వాళ్ళు పొయ్యి రోజున ఆవిడ దగ్గర డబ్బు తీసుకునేవాళ్ళు కాదు. జట్టు వాళ్ళు ఆవిడ పేరు చెక్కి ఇత్తడి పలక ఇచ్చారు. "దీన్నేం చేసుకోను, రొట్టె కాల్చుకోనా?" అని కసిరింది కానీ, దాన్ని కుట్టుమిషను పైన గోడకి తగిలించి వారానికోసారి తుడిచేది.

ఆ చొక్కా నేనూ కొన్నాను, దాచడమెందుకు. కానీ వచ్చిన జట్ల తువ్వాళ్ళు ఉతికేది కూడా నేనేగా. అవి ఎట్లా వచ్చేవో నాకు తెలుసు. ఒక ఏడు చలిదేశం నుంచి వచ్చిన ఒక ఆటగాణ్ణి స్ట్రెచరు మీద తీసుకుపోతుంటే అతని మడమలు ఆ బద్దల మీద టకటకా కొట్టుకున్నాయి. బతికాడు, దేవుడి దయ. ఆ చప్పుడు వింటూనే నేను కూడా "పొయ్యి వెలిగించు" అని అరిచాను. ఇంటికెళ్ళి అన్నం సయించలేదు. మరుసటి ఆదివారం మళ్ళీ అరిచాను.

ఓజెల్లాకి పిల్లల్లేరు. చెల్లెలు పోతే ఆ పిల్ల కొడుకు రొమెల్‌ని నాలుగేళ్ళవాడప్పటి నుంచి పెంచింది. పెద్దమ్మా అని ఆవిడ కొంగు వదిలేవాడు కాదు. పదిహేడేళ్ళప్పుడు హైస్కూల్లో ఎండలో పరిగెత్తుతూ ఆవిడ కళ్ళముందే కూలిపోయాడు. రక్తంలో పుట్టుకతో వచ్చిన లోపమని డాక్టరు చెప్పాడు. మామూలప్పుడు ఏమీ తెలియదట. భరించలేని ఎండలో ఒళ్ళు విరిగేలా ఆడితే మాత్రం రక్తకణాలు కొడవలిలా వంకర తిరిగి, నరాల్లో ఇరుక్కుని మనిషినే తీసుకుపోతాయట. ఆట మానెయ్యమని ఆవిడ కాళ్ళా వేళ్ళా పడింది. వాడు ఆవిడ చేత తన చేతిలో చెయ్యి వేయించుకున్నాడు, ఈ సంగతి ఎవరికీ చెప్పనని. తరవాత డులూత్ జట్టు వాడిని తీసుకుంటే ఆవిడ ఎంత సంబరపడిందో! అది సరస్సు ఒడ్డున గడ్డకట్టుకుపోయే ఊరు. "మంచులో ఎంత పరిగెత్తితే నాకేం!" అని నాలుగు రోజులు పాడుకుంటూ కుట్టింది.

తొంభై ఆరులో ఆటల పట్టిక వచ్చింది. సెప్టెంబరు రెండో ఆదివారం, మధ్యాహ్నం ఒంటిగంటకి, పెన్సకోలాలో, డులూత్ జట్టుతో.

అది చాలదన్నట్టు, ఆగస్టులో డులూత్ వాళ్ళు ఆ ఏటికి కొత్త దుస్తులు ప్రకటించారు. చొక్కా నలుపు, పంట్లాం నలుపు, మేజోళ్ళు నలుపు. దుకాణాల్లో అమ్ముకోవడానికి ఇట్లాంటివి అన్ని జట్లూ మొదలుపెట్టాయి అప్పట్లో. వాటిని మొదటిసారి వేసుకునేది మా ఊళ్ళోనే. పత్రికలో బొమ్మ వేశారు. ఆ బొమ్మలో నల్లగుడ్డల్లో చేతులు కట్టుకుని నవ్వుతున్నవాడు రొమెల్. ఓజెల్లా ఆ కాగితం పట్టుకుని చాలాసేపు కూర్చుంది. సూదులు నోట్లోంచి తీసి పక్కన పెట్టడం నేను అదే మొదటిసారి చూశాను. నాకు కారణం అప్పటికి తెలియదు. ఏదో కీడు మాత్రం తోచింది.

నా ఎదుటే వాడికి ఫోను చేసింది. మాటలు సగం అర్థమయ్యాయి, సగం తరవాత ఆవిడే చెప్పింది.

"ఒరే, నీ ఒంటి సంగతి అక్కడి డాక్టరుకి చెప్పావా?"

"చెబితే ఇంకేమన్నా ఉందా పెద్దమ్మా? మర్నాడే పెట్టె సర్దుకోమంటారు. ఈ శీతాకాలంలో కొత్త ఒప్పందం రాస్తారు. అప్పటిదాకా నోరు మూసుకో, నీకు దణ్ణం పెడతా."

"పోనీ ఇక్కడి ఆటకి కాలు బెణికిందని కూర్చోరా నాయనా."

"మన ఊళ్ళో! చర్చి మొత్తం వస్తుంటే కూర్చోమంటావా? నీ పొయ్యికి నేను జడుస్తానా?" అని పకపకా నవ్వాడట.

అప్పుడు కోచ్ దగ్గరికి వెళ్ళింది. ఆ ఏడు మామూలు ఎర్రవి మానేసి, జట్టు పుట్టి పాతికేళ్ళయిన పండగకి పాతకాలం పద్ధతిలో ముతక గుడ్డతో కుట్టించిన ముదురు ఎరుపు చొక్కాలు అప్పుడే పెట్టెల్లో వచ్చి ఉన్నాయి. డులూత్ ఆటకి అవి వేసుకుందామంది. మనం ఎరుపు వేసుకుంటే వాళ్ళు తెలుపు వేసుకోవాలి కదా, అదీ ఆవిడ ఆలోచన.

"అవి నవంబరుకి తెప్పించినవి మిస్ ఓజెల్లా. దుప్పట్లలా ఉన్నాయి."

"ఈ ఒక్క వారం, కోచ్. ఇన్నేళ్ళలో మిమ్మల్ని ఏదన్నా అడిగానా?"

"వాళ్ళు నలుపు వేసుకొస్తామని వాళ్ళ నోటితో వాళ్ళే చెప్పారు. నలుపండీ! పొయ్యి కట్టింది మీరు. వాళ్ళంతట వాళ్ళే వచ్చి అందులో కూర్చుంటామంటే వద్దంటారేంటి?" అని భుజం తట్టి పంపేశాడు.

అసలు కారణం చెబితే సాయంత్రానికల్లా డులూత్ చేరుతుంది. చెప్పలేక తిరిగొచ్చింది.

ఆ రోజుల్లోనే, ఆటకి పన్నెండు రోజుల ముందు, ఒక కొత్తవాడు వచ్చాడు. మా వాడొకడికి మోకాలు పోతే ఆ చోటికి తెచ్చారు. లైల్ రాడమాకర్. నార్త్ డకోటాలో గోధుమ పొలాల పిల్లాడు, మూడువందల ముప్ఫై పౌండ్ల బరువు, ఎండ తగిలితే చెవులు ఎర్రబడేవి. అంత పొడుగు పేరు వీపు మీద పట్టక ఓజెల్లా అక్షరాలు వంపు తిప్పి కుట్టింది, రెండు రకాల చొక్కాల మీదా. వాడు కేకు తింటూ పక్కనే నిలబడ్డాడు.

"ఇక్కడ గాలి పీల్చుకోలేకపోతున్నానండీ, నమలాల్సి వస్తోంది," అన్నాడు.

"నమిలి మింగెయ్, కేకుతో పాటు."

"ఆదివారం మనవి తెల్లవేనట కదండీ? కుర్రాళ్ళు చెప్పారు."

"తెల్లవే నాయనా," అంది. రెండో ముక్క అడిగితే మూడో ముక్క కూడా చేతిలో పెట్టింది.

సామాన్ల గదుల వాళ్ళకి మాలో మాకు ఒక కట్టుబాటు ఉంది. జట్లు కొట్టుకుంటాయి, మేం కొట్టుకోం. ఒకరికి హెల్మెట్ మరలు తక్కువైతే ఇంకొకరు ఇస్తారు. ఎందుకని అడగరు, పైవాళ్ళకి చెప్పరు. శుక్రవారం పొద్దున ఓజెల్లా డులూత్ సామాన్ల గదికి ఫోను చేసింది. అక్కడి పెద్ద ఐనార్ అని, ముసలాయన.

"ఐనార్, బండిలో తెల్లవి కూడా ఒక పెట్టె వేసుకురా."

"వేసుకొస్తాను," అన్నాడు. అంతే.

శనివారం రాత్రి పదిన్నరకి నేను తువ్వాళ్ళు ఆరబెడుతున్నాను. ఆవిడ రెండు బళ్ళు తోసుకుంటూ వచ్చింది. ఒకదాంట్లో తెల్లచొక్కాలు అరవై, రేపటి ఆటవి. రెండోదాంట్లో పేర్లు కుట్టి పెట్టిన పండగ ఎర్రచొక్కాలు. ఒక్కసారి కూడా నీళ్ళు చూడనివి.

"హోసియా, రెండూ కలిపి వెయ్యి. వేడినీళ్ళు పెట్టు."

పరాచికం అనుకుని నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"మతి పోయిందా మిస్ ఓజెల్లా? కొత్త ఎరుపుతో తెలుపా? పంతొమ్మిదేళ్ళయింది నేను ఇక్కడికొచ్చి. ఒక్క మేజోడు గులాబీ రంగుకి తిరిగిందని ఎవడైనా అన్నాడా? నా చేత్తో నేను చెయ్యను. పొండి."

ఆవిడ తలుపు మూసింది. రొమెల్ సంగతి అప్పుడు చెప్పింది, మొదటి నుంచీ.

"నా ఒళ్ళో పడ్డాడు హోసియా. కళ్ళు తేలేశాడు. పెదాలు నీలంగా అయిపోయాయి. మళ్ళీ చూడలేను. నా పొయ్యిలో నా పిల్లాణ్ణి నేనే పెట్టలేను."

"మరి మనవాళ్ళో? ఆ దుప్పటి చొక్కాల్లో మనవాళ్ళ గతేంటి?"

"ఆలోచించానయ్యా. నిన్నంతా అదే పని." జేబులోంచి చీటీ తీసింది. జూలైలో శిబిరం మొదలైనప్పుడు ఎవరెవరి పేర్లు కుట్టాలో రాసుకునే చీటీ అది, ప్రతి ఏడూ రాసుకునేది. "ఒక్కొక్క పేరూ తీసుకుని చూశాను. అందరూ రెండు నెలలుగా ఈ ఎండలోనే దొర్లుతున్నారు. అలవాటుపడ్డ ఒళ్ళు. నీడ బెంచీ మనదే. ఇందులో ఎవడికీ ఏమీ కాదు."

ఆ చీటీ నేనూ చూశాను. పేర్లన్నీ నాకు తెలిసినవే. నాకూ ఏమీ తోచలేదు. నా బుద్ధి కూడా గడ్డి తిన్నదని ఒప్పుకుంటున్నాను.

రెండు బళ్ళూ మెషీన్లలో సర్ది వేడినీళ్ళు తిప్పాను. అద్దంలోంచి నీళ్ళు మెల్లగా ఎర్రబడడం చూస్తూ నిలబడ్డాం ఇద్దరం. బయటికి తీసేసరికి తెల్లవన్నీ పంటి చిగుళ్ళ రంగులో ఉన్నాయి.

కోచ్ బ్రాన్నమ్ వచ్చి నా ఏడు తరాలనీ తిట్టాడు. తలవంచుకుని పడ్డాను. బ్లీచ్ వేస్తే అంకెలు ఊడిపోతాయని ఓజెల్లా చెప్పింది. కొత్తవాటి మీద యాభై మూడు పేర్లు రేపటికి ఏ మనిషీ కుట్టలేడని చెప్పింది. ఇక మిగిలింది పండగ ఎరుపే. డులూత్ వాళ్ళకి కబురు పెడితే తెల్లవి తమ బండిలో ఉన్నాయన్నారు.

"వీళ్ళ అదృష్టం చూడండి! తెల్లవి కూడా తెచ్చుకున్నారట!" అన్నాడు కోచ్, ఆవిడ వంక చూస్తూ. ఆవిడ నోట్లో సూదులున్నాయి.

ఆ ఆదివారం లాంటి ఎండ నేను అంతకుముందు చూడలేదు. సముద్రం మీద నుంచి పిసరంత గాలి లేదు. పక్షులు గ్యాలరీ కప్పు కింద నోళ్ళు తెరుచుకుని కూర్చున్నాయి, ఒక్కటీ ఎగరలేదు. మా వాళ్ళు ఎర్రచొక్కాల్లో బయటికొస్తుంటే జనం మొదట చప్పట్లు కొట్టాలా వద్దా అని తేల్చుకోలేకపోయారు. తరవాత ఎవడో అలవాటు కొద్దీ "పొయ్యి వెలిగించు, ఓజెల్లా!" అన్నాడు. పదిమంది అందుకున్నారు. ఆవిడ మైదానంలోకి వెళ్ళే దారి మలుపులో నా పక్కనే నిలబడి ఉంది. ఆ అరుపుకి తల తిప్పలేదు. ఎదర తూర్పు బెంచీ మీద తెల్లచొక్కాలో ఉన్న యాభై నాలుగో నంబరు, రొమెల్ మీదే ఉన్నాయి కళ్ళు.

రొమెల్ బాగానే ఆడాడు. నీళ్ళు తాగాడు, నెత్తిన పోసుకున్నాడు. విరామం అయ్యేసరికి ఆవిడ మొహంలోకి కాస్త రంగు వచ్చింది. "చూశావా," అంది నాతో. నాలుగు పావుల ఆటలో మూడోది సగమయ్యేసరికి నా చెయ్యి పట్టుకుని, "ఇంకెంత, గంట కూడా లేదు," అంది. నేను మా వాళ్ళ వంక చూస్తున్నాను. ముతక గుడ్డ చెమటకి తడిసి నల్లబడిపోయింది. ఒకడు తూలాడు. ఒకడు వాంతి చేసుకున్నాడు. సర్దుకున్నారు.

అప్పుడు లైల్ రాడమాకర్ ఆట మధ్యలో ఆగి, మా నీడ బెంచీ వైపు కాకుండా, నెమ్మదిగా తూర్పు వైపుకి నడిచాడు. గీత దాటాడు. డులూత్ బెంచీ దగ్గరికి వెళ్ళి, తెల్లచొక్కాల మధ్య చోటు చూసుకుని కూర్చున్నాడు. అన్ని తెల్లటి వీపుల మధ్య ఒక్క ఎర్రటి వీపు. స్టేడియం మొత్తం ఘొల్లున నవ్వింది. నలభై వేలమంది. డులూత్ వాళ్ళు కూడా నవ్వారు, ఒకడు వాడి భుజం చరిచాడు.

ఓజెల్లా అటే చూస్తోంది కాబట్టి మొదటి నుంచీ చూసింది. నవ్వలేదు. వాడి వీపు మీద వంపు తిప్పి కుట్టిన అక్షరాలు అంత దూరం నుంచీ కనబడుతున్నాయి.

"చీటీలో లేడు," అంది. "హోసియా, వీడు చీటీలో లేడు. వీడు జూలైలో లేడు."

లైల్ పక్కకి ఒరిగాడు. వాణ్ణి నేల మీద పడకుండా పట్టుకున్నవాడు రొమెల్. వాడి తల ఒళ్ళో పెట్టుకుని, నీళ్ళు పోస్తూ, డాక్టర్ని పిలవమని గొంతు చించుకుని అరిచాడు. ఎట్లా ఉంటుందో వాడికి తెలుసు కదా. అప్పటికి నవ్వులు ఆగాయి.

లోపల ఐసు తొట్టిలో దించారు. చొక్కా బిగుసుకుపోయి రాకపోతే మెడ నుంచి కిందిదాకా కత్తెరతో కోసేశారు. ఒంటి వేడి నూట తొమ్మిది డిగ్రీలు దాటిందని ఎవరో అన్నారు. మంగళవారం పొద్దున్నే ఆస్పత్రిలో పోయాడు. ఇరవై మూడేళ్ళు.

ఎండకి ఒళ్ళు అలవాటు పడలేదని డాక్టర్లు రాశారు. చొక్కా సంగతి ఎవరూ రాయలేదు. ఆ ఆదివారం సాయంత్రమే రొమెల్ ఫోను చేశాడట. "పెద్దమ్మా, ఆ నల్లవి వేసుకుని ఉంటే ఇవాళ నేనే పోయేవాణ్ణి," అన్నాడట. ఆవిడ ఫోను పెట్టేసింది.

మైదానంలోంచి వచ్చే ప్రతి గుడ్డా నా దగ్గరికే వస్తుంది. ఆ చొక్కా కూడా వచ్చింది, రెండు ముక్కలుగా. ఉతికాను. ఓజెల్లా తీసుకుని కూర్చుని మెడ నుంచి అంచుదాకా చేత్తో కుట్టింది, మిషను వాడలేదు. రెండు రోజులు పట్టింది. గోడ మీది ఇత్తడి పలక తీసి చెత్తలో వేసింది. గురువారం తాళాలు ఇచ్చేసి వెళ్ళిపోదామని సామాన్లు సర్దుకుంటోంది. అప్పుడొచ్చాడు లైల్ తండ్రి.

పొడుగాటి మనిషి, టోపీ చేతిలో పట్టుకుని తలుపు దగ్గరే నిలబడ్డాడు. "కేకు చేసేది మీరేనాండీ?" అన్నాడు.

ఆవిడ తలూపింది.

"వాడి చొక్కా ఇక్కడ ఉంటుందన్నారు. వాళ్ళమ్మ తెమ్మంది."

ఆవిడ మడత పెట్టిన చొక్కా ఇచ్చింది. ఆయన దాన్ని విప్పి, ఆ కుట్టు మీద వేలితో పైనుంచి కిందిదాకా రాశాడు.

"ఒక్కటే అర్థం కాలేదండీ. వాళ్ళమ్మ ఎండని తలుచుకుని భయపడుతుంటే వాడు ఫోనులో చెప్పాడు. 'అమ్మా, ఇక్కడ మేం తెల్లవి వేసుకుంటామే, మాడేది అవతలివాళ్ళు' అని. తీరా టీవీ పెడితే వీడు ఎర్రదాంట్లో ఉన్నాడు. ఎందుకు మార్చారో అడిగి రమ్మంది. అదొక్కటీ తెలిస్తే చాలంటోంది."

నేను నోరు తెరిచాను. ఉతుకుడులో పొరపాటయిందండీ అని అందరికీ చెబుతున్న మాటే చెప్పబోయాను. ఓజెల్లా చెయ్యెత్తి నన్ను ఆపింది. ఆయన్ని కూర్చోమని, ఎదురుగా నిలబడి, మొత్తం చెప్పింది. రొమెల్ జబ్బు, చీటీ, మెషీను, అన్నీ. ఏడవలేదు. క్షమించమని అడగలేదు. మెషీనులో బట్టలు నా చేత్తో వేశానన్న ఒక్క ముక్క మాత్రం దాచి, తనే వేశానంది. నేను అది దిద్దలేదు. మూడడుగుల దూరంలో నిలబడి తువ్వాళ్ళు మడతపెడుతూనే ఉన్నాను.

ఆయన టోపీ మోకాలి మీద పెట్టుకున్నాడు.

"మీ అబ్బాయి... మావాడి తల పట్టుకున్నది అతనే కదా?"

"అవునండీ."

"బాగున్నాడా?"

"బాగున్నాడండీ."

లేచి చొక్కా మళ్ళీ మడత పెట్టుకున్నాడు, పేరు లోపలికి పోయేట్టు. తలుపు దాకా వెళ్ళి ఆగాడు.

"ఇదంతా వాళ్ళమ్మ తట్టుకోలేదు," అన్నాడు. "బట్టలుతికేవాడు పొరపాటు చేశాడని చెబుతాను."